రాగి కాగుతో పోసిన పంపు

ఈ వృత్తిలో నన్ను మొదట కొట్టింది మనిషి కాదు, పంపు. నందివెలుగు పక్కన ఒక చేలో ఇసుక నీళ్ళు తోడీ తోడీ పొట్ట పల్చబడిపోయిన పోత ఇనుము పంపు అది. ఏదో కీచుమంటోందని నేను వంగి చెవి ఆనించబోతుండగా పగిలింది. ఒక ముక్క నా గడ్డం కింద గీరుకుంటూ పోయి వెనకాల అరటిచెట్టును అడ్డంగా నరికేసింది. తెనాలిలో చెప్పేటప్పుడు అది ఒక్క అరటిచెట్టే. రేపల్లె పాసింజరు ఎక్కి రెండు స్టేషన్లు దాటేసరికి అరటితోట అవుతుంది. రేపల్లెలో దిగే వేళకి ఆ తోటలో ఒక గేదె కూడా చచ్చి పడి ఉంటుంది. గడ్డం కింద మచ్చ మాత్రం ఏ ఊళ్ళోనైనా అదే సైజు. అందుకే కథ చెప్పేటప్పుడు మెడ ఎత్తి చూపిస్తాను. మచ్చను చూసినవాడు గేదెను కూడా నమ్ముతాడు.

తెనాలిలో నాది పంపుల కొట్టు. కొట్టంటే అమ్మకం ఒక్కటే కాదు. విప్పడం, బిగించడం, ఊళ్ళు తిరగడం, తిట్లు తినడం, అన్నీ అందులోవే. పంపు కావాలని వచ్చినవాళ్ళు ఎన్ని హెచ్.పి. అంటూ మొదలుపెడతారు. నేను ఏ నీళ్ళు అంటూ మొదలుపెడతాను. సీసాలో పట్టుకు రమ్మని, ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేసి, అప్పుడు ఏ లోహం వాడాలో చెబుతాను. మా ఆవిడకి ఈ అలవాటంటే రోత. కానీ నీళ్ళ స్వభావం తెలియకుండా పంపు కొనడం, పెళ్ళికొడుకు తాగుతాడా లేదా అని అడగకుండా పిల్లనివ్వడం లాంటిది.

ఎందుకంటే నీళ్ళంత క్రూరమైనది ఇంకోటి లేదు. కాలవ నీళ్ళు తియ్యగానే ఉంటాయి గాని వాటిలోని ఇసుక ఆకురాయి. పంపు లోపల తిరిగే రెక్కల చక్రాన్ని, మేం ఇంపెల్లర్ అంటాం, అది రోజూ కాస్త కాస్త చెక్కుతుంది. దానికి గట్టి ఇనుమే మందు. రైసు మిల్లులో పులిసిన వేడి నీళ్ళు కరుస్తాయి. అడవులదీవి వైపు చెరువుల ఉప్పు నీళ్ళ తరహా వేరు. పోత ఇనుములోంచి అవి ఇనుమును మాత్రం తినేసి, ఆకారాన్ని అలాగే వదిలేస్తాయి. చూడ్డానికి పంపు నిక్షేపంగా ఉంటుంది. చాకుతో గీస్తే పెన్సిల్ ములుకులా నల్లగా రాలుతుంది. రెండు రకాల లోహాలు కలిపి ఆ నీళ్ళలో పెడితే అవి దాయాదులైపోతాయి, ఒకటి రెండోదాన్ని తినేదాకా ఊరుకోదు.

ఇదంతా నీళ్ళు పంపును ఏం చేస్తాయన్న సంగతి. పంపు నీళ్ళను ఏం చేస్తుందని అడిగేవాడు మాత్రం మా దగ్గరికి అరుదుగా వస్తాడు. అది అడగకపోవడం వల్ల ఒక మనిషి చేతులు పోబోయాయి.

బాపట్ల నుంచి ఒకాయన వచ్చాడు. ఒకప్పుడు పడవలున్న మనిషి. వాటిని అమ్మేసి సూర్యలంక దగ్గర సరుగుడు తోటల వెనక రొయ్య పిల్లల హేచరీ పెట్టాడు, ఆ పిల్లల్నే సీడు అంటారు. సముద్రపు నీళ్ళు తొట్లలోకి తోడే పంపు కోసం వచ్చి, చెప్పినట్టే సీసాలో నీళ్ళు కూడా తెచ్చాడు. మెడ నరాలు తాళ్ళలా లేచిన మనిషి, బల్ల మీద సీసా పెట్టినా కొట్టినట్టే పెట్టేవాడు. నేను నాలుక మీద వేసుకుని, ఈ నీళ్ళ మీదుగా పొద్దున డీజిలు కారుతున్న పడవ ఒకటి వెళ్ళిందని చెప్పాను. ఆయన కాసేపు నిజమే అనుకుని తర్వాత నవ్వాడు. ఇంకో రెండు అలాంటివి చెప్పి ఆయన్ని మంచి మాటలోకి దించాక అసలు సంగతికి వచ్చాను. ప్లాస్టిక్ పంపు వేసుకోమన్నాను, లేదా సముద్రానికి తట్టుకునే మంచి స్టీలు. గన్‌మెటల్ వద్దు, ఇత్తడి వద్దు, రాగి కలిసినదేదీ ఆ నీళ్ళకి తగలనివ్వొద్దు, రొయ్య పిల్లకి రాగి విషం అన్నాను.

ఆయన చేతిలో రాగి చెంబు ఉంది. కొందరు కళ్ళజోడు ఎలా మరిచిపోరో, ఆయన ఎక్కడికెళ్ళినా ఆ చెంబు అలా మరిచిపోడు. రాత్రి నీళ్ళు పోసి పెట్టి పొద్దున పరగడుపున తాగుతాడు. దాన్ని నా ముక్కు దగ్గర పెట్టి ఊపాడు.

"ఏంటయ్యా నువ్వు చెప్పేది? ఈ నీళ్ళు తాగి మా నాన్న పోయేదాకా డాక్టరు మొహం చూడలేదు. మనిషికి అమృతం, వెంట్రుకంత పురుగుకి విషమా? ఇందాకటి పడవ కథకి ఇది తమ్ముడులా ఉంది."

పైగా పడవ కింద తిరిగే రెక్కలు ఏళ్ళ తరబడి సముద్రంలో నానినా చెక్కుచెదరకపోవడం ఆయన కళ్ళారా చూసినవాడు. అవి కంచువి. కాబట్టి సముద్రానికి కంచు జాతే మొనగాడని ఆయన లెక్క. లోహం వరకు ఆ లెక్క తప్పు కాదు కూడా. ఇంకాస్త రాగి ఎక్కువ వేయించి పోయిస్తే పిల్లలు ఆరోగ్యంగా పెరుగుతాయని నాకే చెప్పి, చెంబు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి నేను వేరే పని మీద ఒక పోత కొలిమికి వెళ్ళాను. అక్కడ నేల మీద పెద్ద రాగి కాగు బోర్లా పడి ఉంది. ఒకడు దాని మీద కాలు వేసి సమ్మెటతో బాదుతున్నాడు, మూసలో పట్టేలా మడవడానికి. దెబ్బ దెబ్బకీ అది గొంతు పట్టుకున్న మనిషిలా మూలిగింది. అంచు మీద చుక్కలతో కొట్టిన ఆడమనిషి పేరు, ఊరు రేపల్లె అని. పేరు సగానికి మడత పడింది. ఎవరిదని అడిగితే బాపట్ల హేచరీ ఆయనది, పంపు పోయమని ఇచ్చాడన్నారు. వద్దని నేను చెప్పి చూశాను. పోయమన్నది పోస్తాం, రొయ్యల సంగతి మాకెందుకన్నారు. వాళ్ళదీ తప్పు కాదు. గన్‌మెటల్ కావడానికి తగరం, జింకు వేశారు, పైన పచ్చటి మంట లేచింది. కాగు పంపై బయటికొచ్చింది.

ఆ కాగు ఆయన భార్యకు పుట్టింటి నుంచి సారెగా వచ్చింది. రేపల్లెలో ఉన్న ఆమె తల్లి తన పేరున్న కాగునే కూతురితో పంపింది. ఆమె తమ్ముడు పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్. కాగు కరిగించారని అక్క ఫోన్లో ఏడిస్తే బాపట్ల వచ్చి, పనివాళ్ళ ముందే బావ చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరూ తొట్ల మధ్య సిమెంటు మీద దొర్లి కొట్టుకున్నారట. విడదీసి బయటికి తోస్తుంటే, మా అమ్మ కాగుతో పోసిన పంపు నీళ్ళు నీ సీడుని బతకనివ్వవు బావా, రాసి పెట్టుకో అని అరిచి వెళ్ళాడు.

సీడు బతకలేదు. తొట్టి అడుగున పిండి చల్లినట్టు తెల్లగా పరుచుకుపోయాయి పిల్లలు. తొట్లు కడిగి మళ్ళీ వేశారు, మళ్ళీ పోయాయి. ఇంకేం కావాలి? శాపం పెట్టినవాడే మందు కలిపాడని తేలిపోయింది. అక్కకి బాగాలేదని కబురు పెట్టి అతన్ని రప్పించారు. మందు పంపులో ఎక్కడ పోశాడో విప్పి చూపించడానికి నన్ను పిలిపించారు. పంపు రిపేరనే చెప్పారు నాకు. సామాను టెంపోలో వేసుకుని పొద్దున్నే బయల్దేరాను.

వెళ్ళేసరికి సరుగుడు చెట్టుకి మనిషి కట్టేసి ఉన్నాడు. కట్టింది వల తాడుతో. కదిలేకొద్దీ బిగుసుకునే ముడి, సముద్రం మీద బతికినవాళ్ళ ముడి. చొక్కా లేదు. వీపు మీద పైపు దెబ్బలు వరసగా ఉబ్బి ఉన్నాయి. పెదవి చీలి, ఒక కన్ను మూసుకుపోయింది. ఎడమ చెయ్యి చూసి నేను మొహం తిప్పుకున్నాను. వేళ్ళు నానిన బెండకాయల్లా ఉన్నాయి, ఏ వేలు ఎటు తిరిగిందో చెప్పలేం. ముగ్గురు పనివాళ్ళు, ఒకడి చేతిలో పి.వి.సి. పైపు ముక్క. హేచరీ ఆయన పంపు దిమ్మ మీద కూర్చుని చెంబులో నీళ్ళు తాగుతున్నాడు. పక్కన సమ్మెట. ఆయన భార్య షెడ్డు గుమ్మంలో, జుట్టు ఊడి, చెంప మీద వేళ్ళ అచ్చుతో నిలబడి ఉంది.

విషయం ఆయనే చెప్పాడు, కేకలేమీ లేకుండా. పంపు విప్పి మందు జాడ చూపించాలి. చూపించగానే కుడి చెయ్యి కూడా దిమ్మ మీద పెట్టిస్తాడు. ఇంజన్ మెకానిక్కు రెండు చేతులూ పోతే మళ్ళీ ఎవరి పంపు జోలికీ వెళ్ళడని ఆయన ధీమా.

నేను విప్పాను. పైపు రెంచి రెండుసార్లు జారింది. లోపల మందు లేదు, వాసన లేదు, కొత్త పెళ్ళికూతురి పాదంలా ఎర్రగా మెరుస్తోంది ఇంపెల్లర్. మందు ఎవరూ పోయలేదండి, పంపే మందు, అప్పుడే చెప్పాను కదా అన్నాను.

నా చెంప పగిలిపోయింది. సమ్మెట పట్టిన చెయ్యి అది. చెవిలో చాలాసేపు మోటారు తిరిగింది. తర్వాత వినబడిన మాట ఇది:

"తెనాలి నుంచి రేపల్లె దాకా నీ మాట నమ్మినవాడు ఒక్కడు లేడు. వీడికి నువ్వు ఏమవుతావు?"

ఏమీ కాను. అతన్ని నేను చూడ్డం అదే మొదలు. కానీ అతన్ని చెట్టు నుంచి విప్పి దిమ్మ మీదికి ఆ కుడి చేతిని లాగుతున్నారు, అతను అరవడం లేదు, వేళ్ళు పిడికిలిలో దాచుకుంటున్నాడు. పనివాడొకడు వాటిని ఒక్కొక్కటే విప్పుతున్నాడు. నా జన్మలో అన్ని అబద్ధాలు చెప్పాను, ఒక్కదానికీ సాక్ష్యం అడగలేదు ఎవరూ. ఇప్పుడు నిజానికి సాక్ష్యం కావాల్సొచ్చింది. నా కళ్ళు ఆయన చేతిలో చెంబు మీద పడ్డాయి.

"ఆ చెంబులో సముద్రపు నీళ్ళు పోయండి. స్టీలు చెంబులో కూడా అవే పోయండి. పక్క హేచరీ నుంచి బతికున్న పిల్లల్ని తెచ్చి రెండిట్లో వేయండి. నీళ్ళు మీరే ముంచండి, మీరే కాపలా కూర్చోండి. రెండిట్లోనూ బతికితే నా చేతులు కూడా పెట్టండి దిమ్మ మీద."

ఆయన నన్ను చూశాడు, చెంబును చూశాడు. తండ్రి చెంబు అది. దాన్ని అనుమానించడం ఆయనకు తండ్రిని అనుమానించడమే. అందుకే ఒప్పుకున్నాడనుకుంటాను, నన్ను అబద్ధాలకోరును చేయడానికి. ఒక షరతు పెట్టాడు. తేలేదాకా నన్ను కూడా కట్టేయాలి. కట్టేశారు. బావమరిదిని మళ్ళీ అతని చెట్టుకి, నన్ను పక్క చెట్టుకి, అదే ముడి.

ఆయన భార్య వచ్చి మొగుడి చేతిలోంచి చెంబు లాక్కుంది. చింతపండు వేసి లోపలా బయటా తోమింది. చెంబును కాదు, ఇంకెవరినో రుద్దుతున్నట్టు తోమింది. అది నిప్పులా తేలింది. ఆయన స్వయంగా అలల్లోకి దిగి నీళ్ళు ముంచుకొచ్చాడు. పక్క హేచరీ వాళ్ళు ఒక కవరులో పిల్లల్ని ఇచ్చి, ఇక్కడి మొహాలు చూసి వచ్చినదారినే పోయారు. చెంబులు రెండూ దిమ్మ మీద పక్కపక్కన పెట్టారు, సమ్మెటకి అటొకటి ఇటొకటి.

ఎండ పైకెక్కింది. ఊరికే కూర్చోవడం చేతకాని మనుషులు వాళ్ళు. కాసేపటికి పైపు ముక్క గాల్లో తిరగడం మొదలైంది. ఒక దెబ్బ అతని మోకాలి మీద పడింది, ఒకటి నా పిక్క మీద. నేను గేదె కథ ఎత్తుకున్నాను. ఎందుకంటే నా దగ్గర ఉన్నది అదొక్కటే. అరటితోట నరికించాను, గేదెను చంపాను, గేదె కొమ్ము ఎగిరి పాసింజరు బండి కిటికీలోంచి టీసీ టోపీలో పడేలా చేశాను. పైపు పట్టుకున్నవాడు నవ్వాపుకోలేక పైపును కర్రలా ఆనించుకుని కూర్చున్నాడు. నేను ఆగితే పైపు లేచేది. గొంతు ఎండిపోయినా ఆగలేదు. ఒక పంపును తన్నితే నా కాలు లోపలికి పోయిందని, రెండో వైపు నుంచి చెప్పు లేకుండా బయటికొచ్చిందని చెప్పాను. పక్క చెట్టు నుంచి బావమరిది కూడా నవ్వాడు. చీలిన పెదవి మళ్ళీ తెగి గడ్డం మీదుగా నెత్తురు కారింది.

"నవ్వించకు బాబాయ్," అన్నాడు. "నొప్పెడుతోంది."

ఆయన మాత్రం నవ్వలేదు. చెంబుల ముందు గొంతుకూర్చుని ఒకదానిలోకి, తర్వాత రెండోదానిలోకి చూస్తూనే ఉన్నాడు. నీడలు తూర్పుకి తిరిగే వేళకి చూడ్డం మానేసి సముద్రం వైపు మొహం తిప్పుకున్నాడు. అప్పుడు నాకు తెలిసింది.

ఆయన భార్య షెడ్డులోంచి తెల్ల పళ్ళెం తెచ్చింది. స్టీలు చెంబు ముందు వంచింది. పిల్లలు వెంట్రుక ముక్కల్లా అటూ ఇటూ ఎగిరాయి, పళ్ళెం అంచుకి కొట్టుకుని వెనక్కి దూకాయి. వాటిని తొట్టిలో పోసి, పళ్ళెం తుడిచి, రాగి చెంబు వంచింది. ఏదీ ఎగరలేదు. అడుగున తెల్లగా అంటుకుపోయాయి, ఒకటి రెండు వంకర్లు తిరుగుతున్నాయి, అవీ ఆగిపోయాయి. ఆమె పళ్ళేన్ని మొగుడి కళ్ళ ముందు పట్టుకుంది.

ఆయన లేచాడు. సమ్మెట అందుకున్నాడు. పైపు పట్టినవాడు వెనక్కి జరిగాడు, నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడింది, నా మీద కాదు. కళ్ళు తెరిస్తే ఆయన పంపును బాదుతున్నాడు. పోత ఇనుమైతే మొదటి దెబ్బకే పెంకులై పోయేది, ఆయన కసి కూడా అక్కడితో తీరిపోయేది. గన్‌మెటల్ అలా కాదు, సొట్టపడుతుంది గాని లొంగదు. ప్రతి దెబ్బకీ సమ్మెట ఎగిరి ఆయన మొహం వైపే తిరిగొచ్చింది. అరచేతులు చిట్లి పిడి ఎర్రబడింది. పిచ్చి పట్టినవాడిలా కొడుతున్నాడు, మధ్యలో నాన్నా అంటున్నాడు, ఏం అంటున్నాడో ఆయనకే తెలియదు. పనివాళ్ళెవరూ దగ్గరికి పోలేదు.

ఆమె కూరగాయల కత్తితో తమ్ముడి తాడు కోసింది. అతను చెట్టు పట్టుకుని నిలబడ్డాడు, కుంటుకుంటూ దిమ్మ దగ్గరికి నడిచాడు. బావ చేతిలో సమ్మెట ఉంది, అతని దగ్గర ఒక్క మంచి చెయ్యి ఉంది. ఇక అక్కడ ఒక ప్రాణం పోతుందని నేను అనుకున్నాను. అతను ఆ చెయ్యి తీసుకెళ్ళి పంపు మీద పరిచాడు, సరిగ్గా దెబ్బ పడే చోట.

"ఆపు బావా. అది మా అమ్మది."

సమ్మెట పైన ఆగింది. అది ఆగడానికి పట్టినంతసేపు అతను చెయ్యి తీయలేదు. తర్వాత ఆయన చేతుల్లోంచి అదే జారి ఇసుకలో పడింది.

నన్ను విప్పడం అందరూ మరిచిపోయారు. నేనే అడిగి విప్పించుకున్నాను. అతను పంపు తీసుకుపోతానన్నాడు. సొట్టలు పడ్డ పొట్టను, ఇంపెల్లర్‌ను పనివాళ్ళే మోసి టెంపోలో వేశారు, పైపు పట్టినవాడు ముందు నడిచి. దీన్ని మళ్ళీ కాగు చేయించొచ్చా అని అతను నన్ను అడిగాడు. తగరం కలిసింది తమ్ముడూ, ఇక సాగదు, రేకు కొట్టబోతే పగిలిపోద్ది అన్నాను. సరేలే అని దాని పక్కనే ఎక్కి కూర్చున్నాడు. వాళ్ళక్క కూడా ఎక్కింది. ఆయన టెంపో దాకా వచ్చి, భార్యతో మాట్లాడాలనుకుని, నా వైపు తిరిగి, ఇప్పుడు ఏ పంపు వేయాలని అడిగాడు. ప్లాస్టిక్‌దండి, మొదట్లో చెప్పిందే అన్నాను. తలూపాడు. బాపట్ల ఆసుపత్రి దాకా గతుకు వచ్చినప్పుడల్లా వెనకాల ఆ లోహం మోగుతూనే ఉంది, దానితోపాటు ఒక మూలుగు కూడా.

ఎడమ చేతి వేళ్ళు రెండు ఇక వంగవు. కుడి చేత్తో ఇంజన్లు విప్పుతున్నాడు, బిగించడానికి మాత్రం ఇంకొకడు కావాలి. ఇంపెల్లర్ రేపల్లెలో వాళ్ళమ్మ దొడ్లో ఉంది. ఆవిడ దాన్ని కుదురుగా వేసి మీద ప్లాస్టిక్ బిందె పెడుతుంది. వారానికొకసారి బిందె దించి, కాగును తోమినట్టే చింతపండుతో దాన్ని తోముతుంది. కూతురు కూడా అక్కడే ఉంది.

హేచరీలో ఇప్పుడున్నది నేను వేసిన పంపే. సీడు బాగానే వస్తోంది. చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఆయన నాకు టీ తెప్పించి, పనివాళ్ళు దూరంగా పోయేదాకా ఆగి, రేపల్లె వెళ్ళావా, ఏమంది అని అడుగుతాడు. ఏమీ అనలేదండి అంటాను. అది నిజం. ఆమె ఆయన పేరు ఎత్తగా నేను వినలేదు. ఆయన నా మచ్చ వైపు చూస్తాడు.

"ఊరంతటికీ కథలు చెబుతావు కదయ్యా," అంటాడు. "నాకూ ఒకటి చెప్పు."